కావడియా, చేయూతయా?

తల్లిదండ్రుల సేవ యనగానే మన దేశములో ఎవరికైనను మొదట స్ఫురించునది శ్రవణకుమారుని రూపము. భుజముపై కావడి, ఒక బుట్టలో తల్లి, వేరొక బుట్టలో తండ్రి, ఎదుట తీర్థయాత్రా మార్గము. వాల్మీకి రామాయణములో ఆ మునికుమారునికి శ్రవణుడన్న పేరు గాని, భుజముపై కావడి గాని కానరావు. అవి జనుల భక్తి తరువాతి కాలమున చేర్చుకొన్న వివరములు. అయినను జాతి హృదయములో నిలిచినది ఆ కావడియే. తనను మోసినవారిని తాను మోయుటకంటె కుమారుడు చేయదగిన గొప్ప పని మరొకటి కలదని ఎవరును తలంపరు.

అయితే మోయుటయే ఎల్లప్పుడును సేవ యగునా? ఈ ప్రశ్న వినుటకు కటువుగా నుండవచ్చును. కాని ఇంటిలో ఒక పెద్ద దిక్కు కాలు విరిగిన నాడు ఇది కేవలము పండితుల గోష్ఠికి సంబంధించిన ప్రశ్నగా నుండదు.

తెల్లవారుజామున డెబ్బది యెనిమిదేండ్ల వృద్ధురాలు స్నానము ముగించుకొని, తడి కాళ్ళతో తులసికోట వైపు నడచుచు జారిపడినది. ఎత్తు నుండి పడలేదు. నిలుచున్న చోటనే కూలినది. కాని లేవబోగా కాలు మాట వినలేదు. పడిన వైపు కాలు రెండవ దానికంటె కొంచెము పొట్టిగా కనబడుచున్నది. పాదము వెలుపలికి తిరిగియున్నది. పెద్దలున్న ఇండ్లలో ఇట్టి ఉదయము అపూర్వమైనది కాదు.

తుంటి విరిగినదని అందరు చెప్పుకొందురు. నిజమునకు విరుగునది తొడయెముక పైభాగము. ఆ యెముక తల, గిన్నెవంటి గుంటలో ఇమిడి తిరుగుచుండును. తలను క్రింది కాండముతో కలుపు సన్నని భాగమును వైద్యులు మెడ యందురు. వయస్సు పెరిగిన కొలది, ముఖ్యముగా స్త్రీలలో, ఎముక లోలోపల గుల్లబారును. అన్నాళ్ళు శరీరభారమును మోసిన మెడ ఒక్క జారుపాటునకు విరుగును. తలకు రక్తమును చేర్చు నాళములలో పెక్కు ఆ మెడ మీదుగానే పోవుటచే, మెడ విరిగి ప్రక్కకు తొలగినచో రక్తము అందక తల నిర్జీవమగు ప్రమాదము కలదు. అందుచేతనే ముంజేతి యెముకవలె దీనిని కట్టుకట్టి కొన్ని వారములు కదపకుండ నుంచిన చాలునన్న భావము సరికాదు.

వైద్యుడు శస్త్రచికిత్స చేయవలెనని చెప్పినాడు. బంధువులు ఇంట చేరి ఆలోచన సాగించిరి. "ఈ వయస్సులో కోత ఎందుకు? మంచము మీద పెట్టి పువ్వులా చూసుకుందాం" అని కొందరు. కుమారునికిని అదియే మంచిదని తోచినది. వృద్ధురాలు తానును, "ఇంకెన్నాళ్ళు నాయనా! కృష్ణా రామా అనుకుంటూ ఇలాగే పడి ఉంటాను, నన్ను కదపకండి" అన్నది.

ఈ మాటలు ఎంత మధురముగా నున్నవి! కుమారుని మాట పుత్రధర్మమువలెను, తల్లి మాట వైరాగ్యమువలెను తోచును. కనుకనే రెండింటిని పరీక్షింపక తప్పదు.

మంచము విశ్రాంతి స్థానమన్న నమ్మకము చాల పాతది. దానికి కారణము లేకపోలేదు. సుశ్రుతుడు చికిత్సాస్థానములో భగ్నములను గూర్చి చెప్పుచు, పిక్క, తొడ యెముకలు విరిగినవానిని కపాటశయనమున, అనగా తలుపు పలకవంటి చెక్కపై పరుండబెట్టి, కాలు కదలకుండ ఇరువైపుల మేకులు నాటి బంధింపవలెనని విధించినాడు. యౌవనములో ఒక మాసమున అతుకునది నడివయస్సులో రెండింతలు, వార్ధక్యమున మూడింతలు కాలము తీసికొనునని కూడ ఆయన గమనించినాడు. ఆ కాలమున లోపలి యెముకను నిలబెట్టు సాధనము వేరొకటి లేదు. 20వ శతాబ్దపు తొలి పాదములో పాశ్చాత్య దేశములందును వైద్యులు చేయగలిగినది ఇంచుమించు ఇంతియే. పిండికట్టులోనో బరువుల లాగుడులోనో నెలల తరబడి శయనము.

ఆ శయనమునకు చెల్లించు మూల్యమును మాత్రము చాల కాలము ఎవరును లెక్కవేయలేదు. పరుండిన దేహమున ఊపిరితిత్తుల అడుగుభాగము సరిగా విచ్చుకొనదు; కఫము నిలిచి జ్వరము వచ్చును. కాలి నరములలో రక్తము గడ్డకట్టును. వీపునను మడమలయందును ఒరిపిడి పుండ్లు పుట్టును. మూత్రము బిగియును. రాత్రింబవళ్ళ భేదము మరచి బుద్ధి తడబడును. అన్నిటికంటె నిశ్శబ్దముగా జరుగునది కండరముల క్షయము. 2007లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, ఏ వ్యాధియు లేని కొందరు వృద్ధులను పది దినములు మాత్రము మంచముననే ఉంచి చూచిరి. ఆ పది దినములలో వారి కాళ్ళ నుండి తగ్గిన కండ సుమారు ఒక కిలో. ఎముక విరుగని ఆరోగ్యవంతుల సంగతియే అది! తుంటి విరిగినవారిలో నూటికి ఇరువది నుండి ముప్పది మంది ఏడాది తిరుగకుండ కన్నుమూయుచున్నారని పలు దేశముల లెక్కలు చెప్పుచున్నవి. వారిలో పెక్కుమందిని తీసికొనిపోవునది విరిగిన యెముక కాదు. ఆ తరువాతి నిశ్చలత్వమును, దానిని ఆశ్రయించుకొని వచ్చు వ్యాధులును.

ఈ సత్యమును మొదట గుర్తించినవారిలో ఒక స్త్రీ యుండుట విశేషము. 1935లో లండను సమీపమున వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి ప్రక్కనున్న బీదల ఆరోగ్యశాల అప్పగింపబడగా, అచటి ఏడు వందల మందికి పైగా రోగుల భారము మార్జరీ వారెన్ అను వైద్యురాలిపై పడినది. వారిలో పెక్కుమంది ఏళ్ళ తరబడి మంచము దిగనివారు. మంచాన పడినవారని ముద్రవేసి, తిండి పెట్టి, శుభ్రము చేసి వదలబడినవారు. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, లేవదీసి, కూర్చుండబెట్టి, నడిపించి, చాలమందిని ఇండ్లకు పంపగలిగినది.  అంతకుముందు వారిని పరుండబెట్టినారు, అంతియే. 1947లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు పడక వలని ప్రమాదములను గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసినాడు. వైద్యులు నేటికిని దానిని తలచుకొనుచుందురు.

ఇంతలో ఎముకను లోపలనే బిగించు ఉపాయములును వచ్చినవి. బోస్టను వైద్యుడు స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల ఉక్కు మేకుతో విరిగిన మెడను కలిపి నిలుపు పద్ధతిని 1931లో ప్రకటించినాడు. 1940లో అమెరికాలో ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్మన్‌లు తొడయెముక పైభాగము స్థానమున లోహపు భాగమును అమర్చిరి. నేడు విరిగిన చోటును బట్టి కొందరికి మేకులు, మరలు. కొందరికి కీలు మార్పిడి. బ్రిటన్‌లో 2011లో వెలువడిన జాతీయ మార్గదర్శకములు రోగి చేరిన నాడో మరునాడో శస్త్రచికిత్స జరుగవలెనని, ఆ మరునాడే రోగిని లేపి నిలబెట్టవలెనని నిర్దేశించినవి. గుండె, ఊపిరితిత్తులు మత్తుమందును భరింపలేని స్థితిలో నున్న కొందరికి వైద్యులే కోత వలదందురు. వారి మాట వేరు. తక్కినవారి విషయమున వయస్సొక్కటే అభ్యంతరము కానేరదు.

లోహము చేరిన దేహముతో దైవకార్యములు చేయవచ్చునా అని శంకించు వృద్ధులు కూడ లేకపోలేదు. వారికి ఋగ్వేదములోని విశ్పల కథ వినిపింపదగినది. పోరులో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు పిక్కను అమర్చి మరల నడిపించిరని ప్రథమ మండలము కీర్తించుచున్నది. విశ్పల స్త్రీయా, అశ్వమా అని పండితులలో వాదము కలదు గాని అది ఇచట అప్రస్తుతము. లోహపు కాలు అమర్చుట దేవవైద్యుల ఘనకార్యములలో ఒకటిగా వేదమే ఎంచినప్పుడు, దానిని దాల్చినవారికి అశుచి యెక్కడిది?

ఇక వైరాగ్యము మాట. దేహము జీర్ణవస్త్రమని గీత నేర్పిన దేశమిది. కావున, "జీర్ణవస్త్రమునకు కుట్టు లెందుకు?" అని వృద్ధురాలు ప్రశ్నింపవచ్చును. కాని ఆమె ఆ వస్త్రమును విడువలేదు. అది ఇంకను ఆమెను అంటియే యున్నది. ఆమె విడిచినది నడకను మాత్రమే. అదియును విచారించి విడిచినది కాదు. నొప్పికిని, మరల పడుదునేమో యను భయమునకును జడిసి విడిచినది. చేతనున్నదానిని తెలిసి వదలుట వైరాగ్యము. భయము లాగికొనిపోయినదానిని తానే వదలితినని చెప్పుకొనుట వైరాగ్యము కాజాలదు. ఇందులో ఆమెను నిందింపవలసినది ఏమియు లేదు. ఒక్కసారి కాళ్ళక్రింది నేల జారినవారికి ఆ భయము ఎంతటిదో తక్కినవారికి తెలియదు. కాని భయమునకు భక్తి యని పేరు పెట్టి దానిని ఎవరును తాకరాదనుట వలన ఆమెకు మేలు లేదు.

గజేంద్రుని కథ వినని తెలుగువారుండరు. మొసలి కాలు పట్టినంతనే ఏనుగు మొరపెట్టలేదు. ఏండ్ల తరబడి పోరాడి, బలము పూర్తిగా సన్నగిల్లిన పిమ్మట పిలిచినది. ఆ పిలుపు వెనుక అంత పెనుగులాట యున్నది. కాలు నేల మోపకమునుపే శరణాగతి యనుట ఆ కథ నెరిగినవారి మాటగా లేదు.

తల్లి మాటకంటె కుమారుని మాటను పరీక్షించుట కష్టము. ఎందుకనగా అందు ప్రేమ నిజముగానే కలదు. శస్త్రచికిత్స జరిగినది. మరునాటి ఉదయమే ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆమెను మంచపు అంచున కూర్చుండబెట్టి, వాకరు పట్టించి నిలబెట్టబోయినాడు. ఆమె కేక విని కుమారుడు అడ్డుపడినాడు. "నిన్న కోసి, ఇవాళ నిలబెడతారా! మీకు జాలి లేదా?" లోపలి లోహము శరీరభారమును మోయగలదనియే అప్పుడే నిలబెట్టుచున్నారనియు, ఆలస్యమైన కొలది నొప్పి తగ్గక కాలి బలము తగ్గుననియు చెప్పినను అతని మనస్సు అంగీకరింపలేదు. ఇంటికి వచ్చిన పిదప అతడు తల్లిని తానే ఎత్తి కుర్చీలో కూర్చుండబెట్టును. నీటి చెంబు ఆమె చేయి చాచకముందే అందించును. అన్నము నోటికి పెట్టును. చూచినవారు కన్నీరు పెట్టుకొని, కలియుగ శ్రవణుడని పొగడిరి.

ఇక్కడనే సూక్ష్మముగా చూడవలసినది కలదు. తల్లి నొప్పితో మూలిగినప్పుడు కుమారుడు ఓర్వలేడు. వ్యాయామము నాపించును. మూలుగు ఆగును. ఎవరి బాధ తీరినది? ఆ క్షణమున ఇరువురిదియు. కాని కుమారుని బాధ తీరిపోయినది. తల్లి బాధ ఆరు నెలల తరువాత వచ్చి కూర్చుండుటకు పక్కకు తప్పుకొన్నది. చూడలేక చేయు సేవలో, చూడలేకపోవుట చూచువాని దుఃఖము. అది తీర్చుకొనుటకు రోగి కాలిబలమును వ్యయపరచుట ప్రేమయే యైనను ధర్మమని చెప్పుట కష్టము. పైగా పొగడ్త యొకటి తోడైనచో అందుండి బయటపడుట మరింత కష్టము. శ్రవణుని కథలో కోడలు లేదు గాని, ఇండ్లలో కావడి తరచుగా ఆమె భుజముపైననే యుండునన్న సంగతియు ఇచట మరువరాదు.

చెంబు అందుకొనుటకు చేయి చాచుట ఒక వ్యాయామము. కుర్చీ చేతులను నొక్కి లేచుట మరొకటి. మంచముపై నుండగానే పాదములను పైకి క్రిందికి ఆడించుట, మోకాలిని పరుపుకు అదిమి తొడను బిగించుట, దినమునకు పలుమార్లు మంచము దిగి నాలుగు అడుగులు వేయుట — ఇవి చూచుటకు అల్పములు. ఇవియే నడకను తిరిగి కట్టు ఇటుకలు. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు దెబ్బతిన్న కాలు ముందు అని నేర్పుదురు. ఎక్కుటకు బలము కావలెను గనుక బలమున్న కాలు దారి తీయును; దిగునప్పుడు వెనుక నిలిచి భారమును నెమ్మదిగా దింపవలసినది అదే బలమున్న కాలు. ఎంత చక్కని యేర్పాటు! వీటిలో ఏ యొక్కటియు ఇతరులు ఆమెకు బదులుగా చేయజాలరు. ప్రక్కన నిలుచుట ఒక్కటియే వారి పని.

ప్రక్కన నిలుచుట సులభమని ఎవరైన అనుకొందురేమో! మోయుటకు భుజబలము చాలును. చేయి చాచి, తాకక, పడునేమో యని గుండె దడదడలాడుచుండగా, ఆమె ఒక్క యడుగు వేయుటకు తీసికొను నిముషమంతయు నిరీక్షించుటకు వేరొక బలము కావలెను.

ఆనుకొనువారికిని ఒక సంకోచముండును. చేతికర్ర పట్టినచో ముసలితనమును ఒప్పుకొన్నట్లగునని, ఒకరి భుజము పట్టుకొని వీధిలో నడచుట చిన్నతనమని పెద్దలు తలంతురు. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము ప్రార్థనాస్థలికి నడచి పోవుచున్న గాంధీజీ చేతులు ఇరుప్రక్కల ఇద్దరు యువతుల భుజములపై నుండెను. అప్పటికి ఆయనకు డెబ్బది యెనిమిదేండ్లు; నిరాహారదీక్ష ముగిసి పక్షము దినములైనను కాలేదు. వారిని తన చేతికర్రలని ఆయన పరిహాసమాడెడివాడు. దేశమునంతటిని నడిపించినవాడు ఆనుకొని నడచుటకు సిగ్గుపడలేదు.

తెలుగు గృహములలో మరొక చిక్కు కలదు. మన జీవితమంతయు నేలమీద సాగును. భోజనము పీటపై, మరుగుదొడ్డిలో గొంతుకూర్చుండుట, పూజ పద్మాసనముననో సుఖాసనముననో. కీలు మార్చినవారిని కొంతకాలము, కొందరిని ఎల్లకాలము, క్రింద కూర్చుండవలదని, కాలు మడిచి వేయవలదని వైద్యులు చెప్పుదురు. ఎత్తయిన కుర్చీ, కమోడు తప్పనిసరి యగును. వృద్ధురాలికి తక్కినవన్నియు సరిపడినవి గాని, పూజ దగ్గర మనస్సు ఎదురుతిరిగినది. "దేవుడి ముందు కుర్చీలో కూర్చోవడమా? అంతకంటె చెయ్యకపోవడమే నయం."

ఆమె ప్రతిదినము పఠించు విష్ణుసహస్రనామము ఎక్కడిది? అనుశాసన పర్వములో భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించినది. ఉపదేశించునాటికి ఆయన అంపశయ్యపై నుండెను. లేవలేదు, కూర్చుండలేదు, ఆచమనము చేసి పీఠము వేసికొనలేదు. వినుటకు శ్రీకృష్ణుడే సమీపమున నుండెను. ఆయన అభ్యంతరము చెప్పినట్లు మహాభారతములో లేదు.

భీష్ముని ప్రస్తావన వలన మరొక మాట చెప్పవలసి వచ్చుచున్నది. ఎంత శ్రమించినను అందరును మునుపటివలె నడువలేరు. తుంటి విరిగినవారిలో పూర్వపు నడక తిరిగి వచ్చునది సుమారు సగము మందికే. కొందరికి కర్ర, కొందరికి వాకరు జీవితాంతము తోడుండును. కొందరు మంచము దిగనే లేరు. వారు ఓడిపోయినవారని, ప్రయత్నము చాలలేదని ఎవరైన తలంచినచో అంతకంటె క్రౌర్యము లేదు. అంపశయ్యపై నున్నవానికి నడక లేదు. అయినను రాజధర్మము నుండి మోక్షధర్మము వరకు అడిగినవానికెల్ల ఆయన సమాధానమిచ్చినాడు; పాండవులు ఆయనను ఓదార్చుటకు గాక, ఆయన వలన తెలిసికొనుటకు వచ్చి కూర్చుండిరి. లేవలేని వృద్ధుని ఏ విషయమున ఇంకను అడుగుచున్నారు, ఏ పని ఇంకను ఆయన చేతికి వదలినారు అన్నదే ఆ యింటి సేవకు పరీక్ష. పప్పులో రాళ్ళేరుట, మనుమనికి ఎక్కములు చెప్పుట, పంచాంగము చూచి తిథి చెప్పుట — ఇవన్నియు కాళ్ళు లేకయే నడచు పనులు.

పడకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలని వేరుగ చెప్పనక్కరలేదు. తడి నేల, రాత్రివేళ దీపము లేని నడవ, జారు గోనెపట్టా, నేలను జీరాడు చీరకుచ్చిళ్ళు, ముదిరిన కంటిపొర, నిద్రమాత్రల మత్తు — పతనములకు మూలము తరచుగా వీటిలోనే యుండును. ఒకసారి విరిగినవారికి మరల విరుగు భయము హెచ్చు గనుక, గుల్లబారిన ఎముకకు వైద్యుని అడిగి మందు వాడుట మరువరాదు.

ఆ యింటిలో మార్పు ఒక్కనాటిలో రాలేదు. ఫిజియోథెరపిస్టు ఒకనాడు కుమారునికి ఒక పని అప్పగించినాడు. తల్లి లేచునప్పుడు అతడు తన చేతులు వెనుకకు కట్టుకొని నిలువవలెను, అంతే. మొదటిరోజు అతనికి చెమటలు పట్టినవి. ఆమె రెండుమారులు లేవబోయి కూలబడినది, మూడవసారి నిలిచినది. వారము దినములకు గది గుమ్మము వరకు, నెలకు నడవ చివర వరకు నడువగలిగినది. కార్తికమాసమున ఒక సాయంకాలము వాకరు సాయమున పూజగది చేరినది. మంచము నుండి అచటికి ఇరువది రెండు అడుగులు. గూటి యెదుట ఎత్తయిన కుర్చీ వేసియున్నది. ఆమె దానిలో కూర్చుండి, ఒత్తి సరిచేసి, నూనె పోసినది. అలవాటు చొప్పున కుమారుడు అగ్గిపెట్టె తీసి పుల్ల గీయబోయినాడు.

"అక్కడ పెట్టు నాయనా, నేను వెలిగిస్తాను."

అతడు అగ్గిపెట్టెను ఆమె చేతికి అందునంత దూరమున నుంచి, వెనుకకు జరిగి నిలిచినాడు. మొదటి పుల్ల ఆరిపోయినది. రెండవది వెలిగినది.